ఇంటి కంప్యూటర్ల మధ్య ఫైళ్లు అందనప్పుడు: ఫైర్‌వాల్‌ను ఆపకుండా లోపాన్ని సరిదిద్దుకొనే విధానం

ఒకే ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లు ఉండడం నగరాల్లో నేడు సర్వసాధారణం. కింది అంతస్తులో తండ్రి దుకాణపు లెక్కలు చూసుకొనే కంప్యూటర్ ఒకటి, పై అంతస్తులో కుమార్తె ఉద్యోగానికి వాడే ల్యాప్‌టాప్ ఒకటి ఉంటాయి. స్వగ్రామంలోని పొలం పాసుపుస్తకం నకలు, పిల్లల ధ్రువపత్రాలు, ఇంటిపన్ను రసీదులు, పెళ్లి ఫొటోలు మొదలైనవన్నీ ఒక కంప్యూటర్‌లో భద్రపరచి, మిగిలిన వాటి నుంచి కూడా చూసుకొనే ఏర్పాటునే ఫైల్ షేరింగ్ అంటారు.

ఈ ఏర్పాటు నెలల తరబడి చక్కగా పనిచేసి, ఒకనాడు అకస్మాత్తుగా నిలిచిపోతుంది. రౌటర్ మార్చినప్పుడో, విండోస్ అప్‌డేట్ జరిగినప్పుడో, కొత్త యాంటీవైరస్ వేయించినప్పుడో ఇలా జరగడం పరిపాటి. అప్పుడు తెలిసినవారెవరో వచ్చి ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేస్తారు. ఫైళ్లు కనబడతాయి, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. దానిని తిరిగి ఆన్ చేయడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. తాళం బిగుసుకున్నదని తలుపునే ఊడదీసి పక్కన పెట్టడం వంటిది ఈ పని. తలుపు తీయకుండానే తాళాన్ని బాగుచేసుకొనే పద్ధతిని ఈ పాఠం వివరిస్తుంది. కంప్యూటర్ తెరపై మాటలు చాలా ఇళ్లలో ఆంగ్లంలోనే ఉంటాయి కనుక, ఆ పేర్లను యథాతథంగా తెలుగు లిపిలో ఇవ్వడమైనది.

ఫైర్‌వాల్ చేసే పని

బయటి నుంచి కంప్యూటర్‌కు వచ్చే ప్రతి అభ్యర్థన సంఖ్య గల ఒక ద్వారం వద్దకు చేరుతుంది. ఆ ద్వారాన్నే పోర్టు అంటారు. విండోస్‌లో ఫైల్ షేరింగ్‌కు ప్రధానమైన పోర్టు 445. పాత పద్ధతిలో 137, 138, 139 సంఖ్యల పోర్టులు కూడా వాడుకలో ఉండేవి. ఏ ద్వారం ఎవరికి తెరవాలో, ఎవరికి మూయాలో చూసే కాపలాదారే ఫైర్‌వాల్. అది తనకు ఇచ్చిన నియమాలనే పాటిస్తుంది. కనుక ఇంటివారినే అది అడ్డగిస్తున్నప్పుడు సవరించవలసినది నియమాన్ని. తొలగించవలసినది కాపలాదారును కాదు.

ఈ మాటకు 2017 మే నెలలో జరిగిన ఘటనే తార్కాణం. ఆ నెల 12వ తేదీన బయటపడిన వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ ఈ 445 పోర్టు గుండానే ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు పాకింది. ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగింది. 150కి పైగా దేశాల్లో దాని ప్రభావం కనిపించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. దానిని వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ లోపం గుండా ప్రవేశించడం దానికి సాధ్యపడలేదు.

వరుసగా చేయవలసిన పరిశీలనలు

ఫైళ్లు అందకపోవడానికి కారణాలు అనేకం. వాటిలో ఫైర్‌వాల్ ఒకటి మాత్రమే. అన్ని సెట్టింగులూ ఒకేసారి మార్చివేస్తే అసలు లోపం ఎక్కడున్నదో ఎన్నటికీ తెలియదు. ఒక్కొక్కటిగా చూడాలి, మార్చిన ప్రతిదానినీ ఒక కాగితంపై రాసుకోవాలి.

1. రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా?

రెండింటిలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అనే ఆజ్ఞను ఇస్తే ఐపీవీ4 అడ్రస్ అనే పంక్తి కనబడుతుంది. సాధారణంగా ఇళ్లలో అది 192.168తో మొదలవుతుంది. మూడవ అంకె రెండింటిలోనూ ఒకటే అయితే మంచిది. కిందిది 192.168.1.5, పైది 192.168.0.7 అయితే ఆ రెండూ వేర్వేరు నెట్‌వర్కులలో ఉన్నట్లే. పై అంతస్తుకు వైఫై అందడం లేదని రెండవ రౌటర్ పెట్టుకున్న ఇళ్లలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఇదే. ఇంటర్నెట్ రెండు చోట్లా వస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. రెండవ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మారిస్తే రెండు అంతస్తులూ ఒకే నెట్‌వర్క్ అవుతాయి.

అడ్రస్ 169.254తో మొదలైతే ఆ కంప్యూటర్‌కు రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. అప్పుడు కేబుల్‌ను గానీ వైఫైని గానీ చూడాలి. అతిథుల కోసం ఉంచిన గెస్ట్ వైఫైలో చేరిన ల్యాప్‌టాప్ ఇంటర్నెట్‌ను చూడగలదు గానీ, చాలా రౌటర్లలో ఇంటిలోని ఇతర కంప్యూటర్లను చూడలేదు. గెస్ట్ వైఫై ఉద్దేశమే అది.

2. ఒకదాని పిలుపు మరొకదానికి అందుతున్నదా?

‘పింగ్’ అనే ఆజ్ఞ తరువాత రెండవ కంప్యూటర్ అడ్రస్ ఇస్తే జవాబు రావాలి. ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని వస్తే దారిలోనే లోపం ఉండవచ్చు. మొదటి పరిశీలనకు తిరిగి వెళ్లాలి. ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వస్తే అవతలి ఫైర్‌వాల్ జవాబును ఆపి ఉండవచ్చు. విండోస్ ఫైర్‌వాల్ కొన్ని సందర్భాల్లో పింగ్‌ను కూడా అడ్డగిస్తుంది కనుక, జవాబు రానంత మాత్రాన కంప్యూటర్ చెడిపోయిందని భావించరాదు.

3. నెట్‌వర్క్ ప్రైవేట్‌గా గుర్తించబడిందా?

కొత్త రౌటర్‌తో కలిసినప్పుడు విండోస్ దానిని పబ్లిక్ నెట్‌వర్క్‌గా భావించవచ్చు. అంటే ఇంటి వైఫైని రైల్వే స్టేషన్ వైఫైతో సమానంగా చూసి, షేరింగ్ ద్వారాలు మూసివేస్తుంది. రౌటర్ మార్చిన తరువాత ఫైళ్లు అందకపోతే తొలుత అనుమానించవలసినది దీనినే. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ విభాగానికి వెళ్లి, వాడుతున్న వైఫై లేదా ఈథర్నెట్ ప్రాపర్టీస్‌లో ప్రైవేట్ అని ఎంచుకోవాలి. ఇది సొంత ఇంటి నెట్‌వర్క్‌కు మాత్రమే వర్తిస్తుంది. హాస్టల్, లాడ్జి, అద్దెగదుల ఉమ్మడి వైఫైలకు పబ్లిక్ అనే ఉంచాలి.

4. ఫైర్‌వాల్ నియమం సరిగా ఉన్నదా?

విండోస్ సెక్యూరిటీలో ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్ తెరిచి, ‘అలౌ యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్’ అనే దానిని నొక్కితే ఒక జాబితా వస్తుంది. ‘చేంజ్ సెట్టింగ్స్’ నొక్కి, ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’, ‘నెట్‌వర్క్ డిస్కవరీ’ అనే రెండింటికీ ప్రైవేట్ గడిలో మాత్రమే టిక్ పెట్టాలి. పబ్లిక్ గడి ఖాళీగానే ఉండాలి. ల్యాప్‌టాప్‌ను బయటకు తీసుకువెళ్లినప్పుడు ఆ ఖాళీ గడియే రక్ష.

విడిగా కొన్న యాంటీవైరస్‌కు సొంత ఫైర్‌వాల్ ఉంటే విండోస్‌లోని మార్పులు ఫలించకపోవచ్చు. అప్పుడు ఆ ప్రోగ్రామ్‌లోనే ఇంటి నెట్‌వర్క్‌ను నమ్మదగినదిగా గుర్తించాలి. గతంలో ఎవరెవరో మార్చిన నియమాలు కలగాపులగమై ఉంటే, ‘రిస్టోర్ ఫైర్‌వాల్స్ టు డిఫాల్ట్’ ద్వారా తొలి స్థితికి తేవచ్చు. అయితే ఇతర ప్రోగ్రామ్‌లకు ఇచ్చిన అనుమతులు కూడా దానితో పోతాయని ముందుగా తెలిసి ఉండాలి.

5. పేరు కనబడకపోయినా అడ్రస్‌తో తెరుచుకుంటున్నదా?

నెట్‌వర్క్ జాబితాలో రెండవ కంప్యూటర్ పేరు లేనంత మాత్రాన షేరింగ్ పనిచేయడం లేదని కాదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పై గడిలో రెండు వెనుకవాలు గీతలు పెట్టి, వెంటనే అడ్రస్ టైపు చేసి చూడాలి. ఫోల్డర్లు తెరుచుకుంటే లోపం పేరును కనుగొనే సేవలోనే ఉన్నది. ఫైర్‌వాల్‌ను మరింత సడలించవలసిన అవసరం లేదు.

6. పాస్‌వర్డ్ సరైనదేనా?

పాస్‌వర్డ్ అడిగే గడి వచ్చిందంటే ఫైర్‌వాల్ దారి ఇచ్చినట్లే. ఇక్కడ ఎక్కువమంది పొరబడేది పిన్ విషయంలో. నాలుగంకెల పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవారికే పనికివస్తుంది. నెట్‌వర్క్ గుండా వచ్చేవారు ఖాతా అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. అదికూడా ఫైళ్లు ఉన్న కంప్యూటర్‌లోని ఖాతాది కావాలి. పాస్‌వర్డ్ లేని ఖాతాను విండోస్ సాధారణంగా నెట్‌వర్క్ గుండా అనుమతించదు. షేరింగ్ కోసం ఆ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ గల ప్రత్యేక ఖాతా ఒకటి సృష్టించుకోవడం ఉత్తమం.

7. ఫోల్డర్‌పై అనుమతి ఉన్నదా?

ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్, సెక్యూరిటీ అని రెండు విభాగాలు ఉంటాయి. నెట్‌వర్క్ నుంచి వచ్చేవారికి రెండింటిలోనూ అనుమతి ఉండాలి. రెండింటిలో ఏది కఠినమైతే అదే చెల్లుతుంది. తలుపు దాటి వచ్చినా బీరువా తెరుచుకోకపోవడానికి కారణం ఇదే.

పని పూర్తయిన తరువాత

ఫైళ్లు అందిన వెంటనే ఫైర్‌వాల్ మూడు విభాగాలలోనూ ఆన్‌లో ఉన్నదని చూసుకోవాలి. డిస్క్ మొత్తాన్ని కాక, అవసరమైన ఒక్క ఫోల్డర్‌నే షేర్ చేయాలి. చూడడానికి మాత్రమే కావలసిన పత్రాలకు ‘రీడ్’ అనుమతి చాలు. అందరికీ ‘ఫుల్ కంట్రోల్’ ఇస్తే, పై అంతస్తు ల్యాప్‌టాప్‌లో చేరిన హానికర ప్రోగ్రామ్ కింది కంప్యూటర్‌లోని దుకాణపు లెక్కలకు సైతం తాళం వేయగలదు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ద్వారా 445ను ఇంటర్నెట్‌కు ఎన్నడూ తెరవరాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినందున, ఆ కంప్యూటర్లు ఉన్నవారు తదుపరి ఏర్పాటు చూసుకోవాలి.

అన్నింటికీ మించి, ముఖ్యమైన పత్రాల ప్రతిని ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఎక్కించి, డిస్క్‌ను కంప్యూటర్ నుంచి విడదీసి దాచాలి. కలిపి ఉంచిన డిస్క్‌కు కూడా కంప్యూటర్‌తో పాటే ముప్పు కలుగుతుంది. సైబర్ మోసానికి గురైనవారు ఆలస్యం చేయకుండా జాతీయ సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయాలి.

పోయిన ధ్రువపత్రానికి నకలు తెచ్చుకోవడానికి ఊరుగాని ఊరిలో స్థిరపడిన కుటుంబం ఎన్ని ప్రయాణాలు చేయవలసి వస్తుందో అనుభవించినవారికే తెలుసు. ఏడు పరిశీలనలకు పట్టేది ఒక సాయంత్రం. ఫైర్‌వాల్‌ను ఆపడానికి పట్టేది ఒక్క క్షణమే అయినా, దాని మూల్యం ఇంటి పత్రాలన్నీ కావచ్చు.