రైతులు తీయించిన చిత్రము

సంతలో మందులమ్మువానిని మీరు చూచియే యుందురు. అతడు మొదటనే సీసాను పైకి తీయడు. ఎక్కడనో యొక ముసలివానికి మోకాళ్లు పట్టిన కథ ఆరంభించును. జనము గుమిగూడిన పిదపనే సీసా బయటికి వచ్చును. ఆ కథ నిజమో కాదో అడుగువారుండరు. అట్లుగాక, నిజమైన కథ నొకదానిని చెప్పించి, తమ వ్యాపారమును పెంచుకొనిన పాడిరైతులు గుజరాతులో కలరు.

అచ్చటి ఖేడా జిల్లా రైతులు పూర్వము దళారి చెప్పిన ధరకే పాలు పోయుచుండిరి. పాలు నిలువ యుంచిన విరిగిపోవును గదా! బేరమాడుటకు వ్యవధి యెక్కడిది? ఈ బాధ తొలగించుకొనుటకై 1946 లో త్రిభువనదాస్ పటేల్ నాయకత్వమున వారు సహకార సంఘము నేర్పరచుకొనిరి. 1949 లో వర్గీస్ కురియన్ అను ఇంజనీరు ఆణంద్ పట్టణమునకు వచ్చి వారికి తోడయ్యెను. 'అమూల్' అను పేర అమ్ముడగు వెన్న వారిదే.

ఈ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేయుటకు 1970 లో 'ఆపరేషన్ ఫ్లడ్' ఆరంభమయ్యెను. కాని దూరపు పల్లెలోని రైతు ఏల నమ్మవలెను? పట్టణమునుండి వచ్చిన అధికారి లెక్కలు చెప్పినచో తలయూపును. మరునాడు పాలు దళారికే పోయును.

అప్పుడు శ్యామ్ బెనెగళ్ ఈ విషయమును చలనచిత్రముగా తీయ సంకల్పించెను. ఆయన 1934 లో సికిందరాబాదు చెంతనున్న తిరుమలగిరిలో జన్మించినవాడు. ధనమెవరిచ్చెదరు? గుజరాతు పాడిరైతులు అయిదు లక్షల మంది తలకు రెండు రూపాయల చొప్పున ఇచ్చిరి. పది లక్షలు సమకూడెను. 1976 లో 'మంథన్' వెలువడెను. మంథన మనగా చిలుకుట.

పశువైద్యుడైన రావు అను యువకుడు సంఘము స్థాపింప ఒక గ్రామమునకు వచ్చును. పాలలోని వెన్నను పరీక్షించి, పాలవ్యాపారి చేయు మోసమును బయటపెట్టును. అయినను దళితులు అతనిని నమ్మరు. వారి నాయకుడు భోలా మరింత అనుమానించును. సంఘపు ఎన్నికలో ఓడిన సర్పంచి పగబూనును. తుదకు రావునకు బదిలీ యగును. సగములో నిలిచిన పనిని చేపట్టువాడు ఆ భోలాయే.

తమ సొమ్ముతో తీయించిన చిత్రమున ఇన్ని ఓటములేల యని మీకు తోచవచ్చును. దాని బలమంతయు అందే యున్నదని నా తలంపు. చూచు రైతునకు తన యూరి కక్షలు తెలియును, తన సందేహములు తెలియును. అవి లేని కథను అతడు సంతలోని కథవలెనే విని, నవ్వి, ఇంటికి పోవును.

గుజరాతు రైతులు లారీలెక్కి వచ్చి ఈ చిత్రమును చూచిరి. తమ డబ్బుతో తీసినది గదా! కురియన్ అంతటితో ఊరకుండలేదు. చిత్రపు చిన్న ప్రతులను గ్రామములకు పంపెను. వానితోపాటు పశువైద్యుని, పాల విషయ మెరిగినవానిని, పశుగ్రాస నిపుణుని గూడ పంపెను. చిత్రము చూచి 'మాకును సంఘము కావలె' నని రైతులన్నచో, ఆ పని నేర్పువారు అచ్చటనే యుండిరి. మందులవాడు మాత్రము కథ ముగియగానే మూట కట్టును.

కొనువారికిని ఈ కథ చేరెను. చిత్రములోని పాట కొన్నియేండ్లకు అమూల్ ప్రకటనలలో వినవచ్చినది. 2024 లో ఈ చిత్రమును బాగుచేసి ఫ్రాన్సు దేశపు కాన్ చలనచిత్రోత్సవమున ప్రదర్శించిరి. ఆరంభమున నిర్మాత పేరుండవలసిన చోట, అయిదు లక్షల గుజరాతు రైతులు దీనిని సమర్పించుచున్నారని యుండును.