పిన్ని ఫోనులో తూములు మూసిన సాయంత్రం

తెనాలిలో మా పిన్ని బంగారం కొట్టుకు వెళ్ళొచ్చిన సంగతి బాబాయికి చెప్పింది మనుషులు కాదు, ఫోను. ఛార్జింగులో పెట్టిన ఫోను తెర మీద ఆ కొట్టు పేరు వేసి, మీకు ఎలా అనిపించింది, ఎన్ని చుక్కలిస్తారు అని అడిగింది. చూసింది బాబాయి. ఆ రోజు పిన్ని చెప్పి వెళ్ళింది గుడికని.

"ఒరేయ్ అబ్బాయ్, ఈ గూఢచారిని ముందు ఆపు" అని ఫోను నా ఒళ్ళో పడేసింది. తను చేయగలిగింది అప్పటికే చేసింది పాపం. తెర పైనుంచి కిందికి లాగి లొకేషన్ బొమ్మ నొక్కి ఆర్పింది. మర్నాడు ఆటో పిలవడానికి అదే మళ్ళీ వెలిగించాల్సి వచ్చింది, తర్వాత మర్చిపోయింది. అందరి ఇళ్ళల్లోనూ ఇంతే.

డెల్టా మనిషికి డెల్టా లెక్కే చెప్పాను. పెద్ద కాలువ లాకులు దించితే నీళ్ళు ఆగే మాట నిజమే. కానీ ఏదో ఒక చేనుకు తడి కావాలని రోజూ ఎత్తక తప్పదు. ఎత్తిన ప్రతిసారీ తూము తెరిచున్న చేలన్నిటికీ పారుతుంది. అందుకని మనం మూయాల్సింది తూములు.

"పైన ఉపగ్రహం చూస్తూనే ఉంటుందిగా?" అంది. చూడదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు నేనిక్కడున్నాను, టైమింత అని చాటింపు వేసుకుంటూ పోతాయంతే. ఫోను కనీసం నాలుగింటి చాటింపు విని, తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. అక్కడిదాకా అది మన ఇంటి గుట్టే. ఆ లెక్కను ఫోను దగ్గర అడిగి పట్టుకుపోయేవి యాప్‌లు.

పిన్నిది ఆండ్రాయిడ్ ఫోను. సెట్టింగ్స్ తెరిచి లొకేషన్ అన్న చోటికి వెళ్ళాం. ఫోను కంపెనీని బట్టి ఈ మాట ఒకటి రెండు మెట్లు కిందో పైనో ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే గడిలో లొకేషన్ అని కొడితే చాలు. పెద్ద స్విచ్చు జోలికి పోలేదు. దాని కింద యాప్ పర్మిషన్స్ అని ఉంటుంది. ఆ సాయంత్రం ముప్పావు వంతు అక్కడే గడిచింది.

లోపల యాప్‌లన్నీ బంతికి కూర్చున్నట్టు వరసగా ఉంటాయి. ఎప్పుడూ చూడొచ్చు అన్న అనుమతి ఉన్నవి ఒక వరస, వాడుతున్నప్పుడే చూడాలి అన్నవి ఒక వరస, వద్దన్నవి ఇంకో వరస. మొదటి వరసే ప్రమాదం. ఆ యాప్ తెరవకపోయినా, ఫోను పర్సులో నిద్రపోతున్నా, అది చూడగలదు. పిన్ని ఫోనులో ఆ వరసలో ఆరున్నాయి. వాతావరణం చెప్పేదొకటి, చీరలమ్మేదొకటి, ఎప్పుడో కూపన్ ఇస్తామంటే దింపుకున్న కిరాణా యాప్ ఒకటి. టార్చిలైటు యాప్ కూడా ఉంది! దీపం వెలిగించేదానికి ఇంటి అడ్రసు ఎందుకో పిన్నే అడిగింది. దాన్ని వద్దు అనడం కూడా దండగ, ఏకంగా తీసేశాం. ఫోనులో టార్చి ఎలాగూ ఉంది.

ఒక్కోదాని పేరు నొక్కితే నాలుగు దారులు కనిపిస్తాయి: ఎప్పుడూ, వాడుతున్నప్పుడు మాత్రమే, ప్రతిసారీ నన్నడుగు, వద్దు. వాడుతున్నప్పుడు మాత్రమే అన్న దారి 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చింది. అంతకుముందు ఇస్తే పూర్తిగా ఇవ్వడం, లేదంటే మానేయడం. ఆటో యాప్‌కూ దారి చూపే మ్యాపుకూ ఆ రెండోదే ఇచ్చాం. డబ్బు పంపే యాప్‌లు చాలా వరకు లొకేషన్ ఇవ్వకపోతే మొండికేస్తాయి కాబట్టి వాటికీ అదే. చీరల యాప్‌కు వద్దు. పార్సిల్ ఇంటికి రావాలంటే రాసిచ్చిన అడ్రసు చాలు.

అదే పేజీలో అడుగున ప్రిసైస్ లొకేషన్ అని ఇంకో చిన్న స్విచ్చుంటుంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఉంది. అది ఆర్పితే యాప్‌కు మన గడప కనిపించదు, సుమారు మూడు చదరపు కిలోమీటర్ల ముక్క మాత్రమే తెలుస్తుంది. వాన పడుతుందో లేదో చెప్పడానికి అంతకన్నా ఎందుకు? నన్నడిగితే ఎక్కువ మంది వదిలేసే స్విచ్చు ఇదే, ఎక్కువ పనికొచ్చేదీ ఇదే.

వెనక్కి వచ్చి లొకేషన్ సర్వీసెస్‌లోకి వెళ్ళాం. వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ అని రెండుంటాయి. వైఫై ఆపేసినా ఫోను చుట్టుపక్కల రౌటర్ల పేర్లు వెతుకుతూ ఉండేది మొదటిదాని వల్ల. ఏ రౌటరు ఏ వీధిలో ఉందో ముందే పోగేసి పెట్టుకున్న పట్టికలుంటాయి కనుక, వాటితోనూ మన చోటు తేలిపోతుంది. రెండూ ఆర్పాం. అక్కడే ఉన్న ఎమర్జెన్సీ లొకేషన్‌ను మాత్రం ముట్టుకోలేదు.

"అయిపోయిందా?" కాఫీ తెస్తూ అడిగింది. కాలేదు. ఇక నుంచి పారే నీళ్ళు ఆపాం గానీ, ఇదివరకు పారి చెరువులో చేరినవి అలాగే ఉన్నాయి. ఆ చెరువు సంగతి చూడాలంటే గూగుల్ అకౌంట్‌లోకి వెళ్ళాలి. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో మన అకౌంట్, అందులో డేటా అండ్ ప్రైవసీ. టైమ్‌లైన్ అన్నది మన తిరుగుళ్ళ దినచర్య. దాన్ని ఆపి, పాతది చెరిపేయాలి. ఆపడం వేరు, చెరపడం వేరు. ఆపినంత మాత్రాన పాతది పోదు.

దాని పక్కనే వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ ఉంది. దీనికో కథుంది. 2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. లొకేషన్ హిస్టరీ (టైమ్‌లైన్‌కు అప్పటి పేరు) ఆపేసినవాళ్ళ చోట్లు కూడా ఈ రెండో స్విచ్చు ద్వారా గూగుల్ దగ్గర నమోదవుతూనే ఉన్నాయని. ఆ గొడవ అమెరికాలో 40 రాష్ట్రాల విచారణదాకా పోయి, 2022 నవంబరులో 39.15 కోట్ల డాలర్లకు ఒప్పందమైంది. కాబట్టి ఒకటి మూసి రెండోది వదిలేయకండి. పూర్తిగా ఆపడం ఇష్టం లేకపోతే మూడు నెలలు దాటినవి తనంతట తానే చెరిగిపోయేలా పెట్టుకునే వీలుంది. పిన్ని పూర్తిగా ఆపమంది. కొట్టు సంగతి ఇంకా కడుపులో ఉంది మరి.

ఫొటోల పని రెండు నిమిషాలు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ అనేది ఆర్పితే, తీసిన ఫొటోలో తీసిన చోటు దాక్కోదు. 2012 డిసెంబరులో, పోలీసులు వెతుకుతుండగా తప్పించుకు తిరుగుతున్న యాంటీవైరస్ కంపెనీ స్థాపకుడు జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నాడని లోకానికి తెలిసింది, ఒక పత్రిక పెట్టిన ఫొటోలో మిగిలిపోయిన ఈ గుర్తు వల్లే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ గుర్తు ఊడిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళ్తుంది.

ఇక మనుషులు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో లైవ్ లొకేషన్ చూస్తే ఎవరికి పంచుతున్నామో కనిపిస్తుంది. ఇది పావుగంటకో, గంటకో, ఎనిమిది గంటలకో దానంతటదే ఆగుతుంది. గూగుల్ మ్యాపులో మన బొమ్మ నొక్కితే వచ్చే లొకేషన్ షేరింగ్ అలా కాదు, ఆపేవరకు ఆగకుండా పెట్టొచ్చు. పిన్నిది అందులో బాబాయికి శాశ్వతంగా తెరిచే ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ ఒప్పుకోలేదు.

"ఉంటే నష్టమేమిట్రా?" అన్నాడు బాబాయి పేపరు దించకుండానే. 2024 జూలై 8న సుప్రీంకోర్టు చెప్పింది గుర్తు చేశాను. బెయిలు మీద వదిలిన నిందితుడి కదలికలను కూడా పోలీసులు అనుక్షణం చూసేలా షరతు పెట్టకూడదని జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ తీర్పిచ్చారు. "అయితే నాకు బెయిలు దొరికినట్టే" అంది పిన్ని. బాబాయి పేపరు తిరగేశాడు.

ఐఫోను వాళ్ళకూ పనులు ఇవే, గదులు వేరు. డల్లాస్‌లో ఉన్న మా చెల్లికి ఫోనులోనే చెప్పాను: సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ సర్వీసెస్. యాప్‌ల జాబితా అడుగున సిస్టమ్ సర్వీసెస్, అందులో సిగ్నిఫికెంట్ లొకేషన్స్. ఇది ఎక్కడో అట్టడుగున ఉంటుంది కాబట్టి చాలామందికి కనబడదు.

పెద్ద స్విచ్చు ఎందుకు వదిలేశానో ఒక మాట. ఫోను బస్సులో పోతే వెతికి పట్టుకునే ఏర్పాటుకు అది కావాలి. ఇంకోటి, అన్నీ ఆర్పినా సిమ్ము పని చేస్తున్నంతసేపు ఏ టవరు కింద ఉన్నామో మొబైల్ కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. టవరుకు తెలియకుండా కాల్ రాదు.

వారానికి పిన్ని ఫోను చేసింది. లొకేషన్ పేజీలో ఇటీవల ఎవరు చూశారో ఉంటుందని చెప్పి వచ్చాను, రోజూ అదే చూస్తోందట. "పంచాంగం యాప్ తెల్లారి చూసిందిరా. దానికెందుకు?" దానికి నిజంగానే కావాలి. రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి కడతారు. హైదరాబాదుకూ తెనాలికీ సూర్యోదయంలో సుమారు ఎనిమిది నిమిషాలు తేడా, రుతువును బట్టి కాస్త అటూ ఇటూ. ఆ మాటే చెప్పి, ప్రిసైస్ మాత్రం ఆర్పమన్నాను.

"అక్కర్లేదు. అందులో ఊరి పేరు రాసుకునే గడి ఉంది. తెనాలి అని కొట్టి, దీనికి వద్దు అని పెట్టేశాను" అంది.