కాపు ఎప్పుడు, కంతు ఎప్పుడు?

ఈసారి వంటలూ చీరలూ పక్కన పెట్టి అప్పుల గురించి మాట్లాడుకుందాం. పక్కింటావిడ తనకు షుగరుందంటే ఏ మాత్ర వేసుకుంటోందో కూడా విడమరిచి చెబుతుంది. ఇంట్లో అప్పెంతుందమ్మా అంటే మాత్రం ‘ఏదోలే అక్కా’ అని మాట మార్చేస్తుంది. పరువు గురించిన భయం అది, నాకు తెలుసు. కానీ ఆ భయంతోనే లోపల్లోపల నలిగిపోతున్న ఆడవాళ్ళను చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. అందుకే ఈ ముచ్చట.

మన గూడూరు చుట్టుపక్కల రాబడి ఎట్టా వస్తుందో ఒకసారి చూడండి. సైదాపురం, పొదలకూరు వైపంతా నిమ్మతోటలు. ఎండలు ముదిరేకొద్దీ మన మార్కెట్లో నిమ్మకాయల బస్తాకు రెక్కలొస్తాయి. 2022 ఏప్రిల్లోనైతే చిల్లరగా కిలో 200 దాటింది. అదే వానలు పడి కాయ విరగకాస్తే కోతకూలి కూడా గిట్టదు. కోట, వాకాడు వైపు రొయ్యల గుంటలు. నెలల తరబడి మేత పోసి, రోగం రాకుండా కాపాడుకుంటే గానీ డబ్బు కళ్ళబడదు. శ్రీసిటీకో మేనకూరుకో కంపెనీ బస్సెక్కే పిల్లలకు నెల జీతం. కాయ కోతకు, గ్రేడింగుకు పోయే ఆడవాళ్ళకైతే పని దొరికిన రోజే కూలి.

అప్పుకు ఇవేమీ పట్టవు. మంగళవారం కట్టాలంటే మంగళవారమే. కాపు ఉన్నా లేకపోయినా, పిల్లకు జ్వరమొచ్చినా సరే, పదింటికల్లా డబ్బు చేతిలో ఉండాలి. అప్పు తీసుకునేటప్పుడు వడ్డీ ఎంత అని అందరం అడుగుతాం. కంతు ఏ రోజున కట్టాలి, ఆ రోజుకు మనింట్లో డబ్బుంటుందా అని అడిగేవాళ్ళు తక్కువ. మన ఇళ్ళు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. తోటలో కాయ లేని రెండు నెలలు గ్రూపు లోను కంతు కోసం దినవడ్డీ తెస్తాం. దినవడ్డీ మీద పడితే కమ్మలు కుదవ పెడతాం. మొదటి అప్పు తోట కోసం చేసింది. తర్వాతివన్నీ ఆ కంతుల కోసం చేసినవే!

దినవడ్డీ సంగతి దగ్గరగా చూద్దాం. బస్టాండు దగ్గర పూలబండి పెట్టుకున్న ఒక వదిన తన కార్డు చూపించింది. చిన్న అట్ట, దాని మీద వంద గళ్ళు, గడికో సంతకం. మూలలన్నీ నీళ్ళు తగిలి మెత్తబడిపోయాయి. రాసుకున్నది 10,000, ముందే 1,500 పట్టుకుని చేతికిచ్చింది 8,500. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. ‘నూటికి పదిహేనే గదక్కా’ అంది ఆమె. కాదమ్మా! ఆ 8,500 వంద రోజులూ ఆమె దగ్గర ఉంటే గదా. రెండోరోజు నుంచే వెనక్కి పోతా ఉంది. యాభయ్యో రోజుకు 5,000 కట్టేసి ఉంటుంది. సగటున ఆమె చేతిలో ఆడింది నాలుగున్నర వేలు. దాని మీద మూడు నెలల పది రోజులకు 1,500 అంటే నెలకు 450. నూటికి పది రూపాయల వడ్డీ, ఏడాదికి 120 శాతం!

ఆమెకు నేను చెప్పింది ఇది. ఈ కార్డు అయిపోయాక ఇంకో పదివేలది కాకుండా ఐదువేల కార్డు తీసుకో. రోజుకు 50 వాళ్ళకు కట్టి, ఇంకో 50 నీ పేర పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేసుకో. మూడు నెలలు పూలు కాస్త తక్కువ తెచ్చుకోవాల్సి వస్తుంది, నిజమే. వంద రోజులు తిరిగేసరికి 5,000 నీ సొంత పెట్టుబడి. రోజూ వంద తీసి పరాయివాళ్ళకు తప్పకుండా కట్టగలిగిన చెయ్యి, తన కోసం యాభై దాచుకోలేదా?

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టిన మాట కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురుతిరిగారు గదా. వాళ్ళకు ముందు నిలిచిన రోశమ్మ పేరు మీకందరికీ తెలుసు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. ఆ డబ్బు మళ్ళీ ఇంకోదారిన పోకుండా జిల్లా ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. దానికి పెట్టుకున్న పేరు పొదుపు లక్ష్మి. ఈరోజు ప్రతి వీధిలో ఉండే డ్వాక్రా సంఘాలకు ఆ రూపాయి ఎంత బలమిచ్చిందో మనం మరిచిపోకూడదు. బ్యాంకు లోను వచ్చిన తర్వాత సంఘం అంటే లోనే అన్నట్టు అయిపోయింది గానీ, అసలు సంఘం పుట్టింది దాచుకోవడానికి. మీ సంఘం పొదుపులో ఎంతుందో, అందులోంచి సభ్యులకు ఎంత వడ్డీకి ఇస్తున్నారో వచ్చే సమావేశంలో అడగండి. కాయ లేని నెలల్లో పదివేలు అక్కడ దొరికితే దినవడ్డీ గడప తొక్కే పనే లేదు.

వారం వారం కట్టే మైక్రోఫైనాన్సు లోన్లున్నవాళ్ళకు ఇంకొంచెం వివరంగా చెప్పాలి. 2010లో మన రాష్ట్రంలో ఈ అప్పుల వసూళ్ళతో ఎన్ని ఇళ్ళు కూలాయో గుర్తుంది గదా. ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. 2022లో రిజర్వు బ్యాంకు దేశమంతటికీ కొత్త నిబంధనలు పెట్టింది. ఏడాదికి 3 లక్షల లోపు రాబడి ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్సు లోను. ఆ ఇంటి అన్ని అప్పుల కంతులూ కలిపి నెల రాబడిలో సగం దాటకూడదు. అంటే ఇంటికి 15,000 వస్తుంటే కంతులన్నీ 7,500 లోపే ఉండాలి. ముందుగా తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదు. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్లు చేయకూడదు. దూషించకూడదు, చుట్టాలనూ స్నేహితులనూ వేధించకూడదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటుంది. కంతు వారానికా, పదిహేను రోజులకా, నెలకా అన్నది తీసుకునేవాళ్ళ అవసరాన్ని బట్టి మార్చే వీలు కల్పించేలా సంస్థలు తమ పద్ధతి పెట్టుకోవాలని అదే నిబంధనల్లో ఉంది. కానీ మనం అడగం. సంతకానికి ముందే అడగండమ్మా. ‘మాకు జీతం ఐదో తేదీన వస్తుంది, నెలకొకసారి ఏడో తేదీన కడతాం’ అనండి. అడిగినంత మాత్రాన లోను పోతుందని భయపడకండి. పోయినా, కట్టలేని కంతు నెత్తిన పడడం కన్నా నయం. సంతకం పెట్టేముందు లోను వివరాలన్నీ ఒకచోట ఉండే కాగితం, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఫీజులూ అవీ కలుపుకుని ఏడాదికి పడే అసలు ఖర్చు అది. దాన్ని పన్నెండుతో భాగించండి. నూటికి ఎన్ని రూపాయల వడ్డీయో మనకు అలవాటైన లెక్కలోకి వచ్చేస్తుంది. 24 ఉంటే రెండు రూపాయలు, 36 ఉంటే మూడు.

ఇంట్లో ఉన్న అప్పులన్నీ ఇదే లెక్కలో ఒక కాగితం మీద రాయండి. చేబదులు, నోటు రాసిచ్చినవి, చీటీ పాడుకున్నాక కట్టాల్సింది, నగల మీదవి, ఫోను వాయిదా, కొట్లో ఖాతా, ఒక్కటీ వదలొద్దు. పక్కన వడ్డీ ఎన్ని రూపాయలో, కట్టే రోజు ఏదో. క్రెడిట్ కార్డుకు మినిమం కట్టేస్తే చాలనుకునే తమ్ముళ్ళుంటే దాన్నీ రాయించండి. చాలా కార్డులకు నెలకు మూడు శాతానికి పైనే పడుతోంది. కాయకు ధర పలికిన నెలలో చేతికొచ్చిన డబ్బుతో ముందు ఆ కాగితంలో పెద్ద వడ్డీని తీర్చండి. అందరికీ తలా కాస్త సర్దితే మాట దక్కుతుందేమో గానీ అప్పు కదలదు. తర్వాత కాయ లేని రెండు నెలల కంతులు లెక్కేసి తీసి పక్కన పెట్టండి. చీరో, ఫ్రిజ్జో దాని తర్వాత.

ఆ కాగితం ఇంటాయనతో కూర్చుని రాయండి. ఆయన రొయ్యల మేతకు చేసిన అప్పు మీకు తెలియక, మీరు సంఘంలో తీసుకున్నది ఆయనకు తెలియక, ఇద్దరూ ఒకే రాబడి మీద ఆశ పెట్టుకుంటారు. మొదటిరోజు గొడవ అవ్వచ్చు, అయినా రాయండి.

ఫోనులో రెండు నిమిషాల్లో డబ్బిచ్చే యాప్‌ల జోలికి మాత్రం పిల్లలను పోనివ్వకండి. కాంటాక్టులూ ఫొటోలూ చూసేందుకు అనుమతి అడిగిందంటే అక్కడే ఆపేయాలి. లోను యాప్‌లు అవి తీసుకోకూడదని రిజర్వు బ్యాంకే చెప్పింది. ఇప్పటికే చిక్కి, ఫొటోలు మార్చి బెదిరిస్తున్నారంటే దాచిపెట్టకుండా 1930కి ఫోను చేయండి. పిల్ల తప్పు చేసిందని ముందే తిట్టకండమ్మా, ఆ రోజు దానికి మీరు పక్కన ఉండాలి.

ఇక బంగారం. కాయ లేనప్పుడు రెండు సవర్ల గొలుసును బ్యాంకులో పెట్టి పెద్ద వడ్డీ తీర్చడం తెలివైన పనే. కుదవ కొట్లో పెట్టి ఎక్కువ వడ్డీకి తెచ్చుకోవడం కాదు. తూకం, నికర బరువు, ఎన్ని క్యారెట్లు అన్నది రాసిన రసీదు తీసుకోండి. గడువు ఏ నెలతో తీరుతుందో చూసుకుని, కాపు డబ్బు వచ్చే నెల దాటి ఉండేలా పెట్టుకోండి. అంతా కట్టేశాక నగను ఆరోజే, లేదంటే ఏడు పనిదినాల్లో ఇవ్వాలని, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం కట్టాలని రిజర్వు బ్యాంకు 2025లో నిబంధన తెచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అందరూ అమలు చేయాల్సిందే. రసీదు బీరువాలో చీరల మధ్య కాకుండా, ఆ అప్పుల కాగితంతో కలిపి పెట్టండి.