కిశోర పాఠకులు – గ్రంథ సేకరణ

పదమూడేండ్ల నుండి పందొమ్మిదేండ్ల వరకు గల ప్రాయం చిత్రమైనది. బొమ్మల కథలు చిన్నతనంగా తోస్తాయి. పెద్దల ఉద్గ్రంథాలు బరువనిపిస్తాయి. గ్రంథాలయాలలో బాలల విభాగం ఉంటుంది, పోటీ పరీక్షల విభాగం ఉంటుంది. ఈ రెంటి నడుమ ఉన్నవానికి ఒక్క అర కేటాయించిన చోట్లు అరుదు. ఇంటర్మీడియట్ విద్యార్థి పఠనాలయానికి వచ్చి, దినపత్రికలో క్రీడల పుట మాత్రం చూచి వెళ్ళిపోవడం అతని సోమరితనమని మేము తలచము. అతని కొరకు అక్కడ ఏమున్నది?

తెలుగువారికి గ్రంథాలయోద్యమం కొత్త కాదు. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరగడానికి అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషి కారణం. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకాలను పల్లెలకు పంపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే పోవలెనన్నది వారి పట్టుదల. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో రెండవది ప్రతి పాఠకునికీ అతని పుస్తకం లభించవలెనంటుంది. ‘అతని’ అన్న మాట గమనింపదగినది. అతనికి తగినదని మనం నిర్ణయించినది వేరు.

ఇక్కడ కొందరు పెద్దలకు రుచించని మాట చెప్పక తప్పదు. ఇబ్నె సఫీ 1952లో అలహాబాదు నుండి ‘జాసూసీ దునియా’ ప్రారంభించి ఉర్దూ యువకుల నిద్ర చెడగొట్టాడు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్ ఆ పనే చేశాడు. ఇటువంటి నవలలను తేలికరకమని పక్కన పెట్టిన కాలంలో అద్దె పుస్తకాల దుకాణాలు కళకళలాడాయి. రోజుకింత అని చెల్లించి చదివిన కుర్రవాడు, ఉచితంగా పుస్తకమిచ్చే గ్రంథాలయానికి ఎందుకు రాలేదో పాలకవర్గాలు ఆలోచించుకొనవలెను. పది అపరాధ పరిశోధన నవలలు చదివినవాడు పదకొండవది ఏది చదువుతాడో ఎవరు చెప్పగలరు? అసలేదీ చదువనివాని సంగతి మాత్రం తెలిసినదే.

మన వంటి కళాశాలకు మరొక చిక్కు ఉన్నది. ఇంట ఉర్దూ మాటాడుతూ ఉర్దూ లిపి చదువలేని విద్యార్థులు ఉన్నారు. వారికి గాలిబ్ సంపుటాన్ని అందిస్తే భయమే కలుగుతుంది. ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’ వంటి చిన్న కథను ఉర్దూలోను తెలుగులోను పక్కపక్కన పెడితే ఒక దాని సాయంతో మరొకటి చదువవచ్చును. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో కావలి పట్టణపు ముస్లిం కుటుంబం, ఒక పిల్లవాని అల్లరి తెలుగులోనే కనిపిస్తాయి. తన ఇంటి మాట అచ్చులో చూచుకొన్న పాఠకుడు రెండవ పుస్తకం కొరకు తానే వస్తాడని మా నమ్మకం.

ఊరి సంగతీ అంతే. అనకాపల్లి బెల్లానికి పేరెట్లా వచ్చినది, 1913 నాటి చెరకు పరిశోధన కేంద్రం రైతుకు ఏమి చేసినది, తుమ్మపాల సహకార చక్కెర కర్మాగారం ఎందుకు మూతపడినది — ఇవి మన పిల్లలు ఇంటి అరుగుమీద నిత్యం వినే మాటలు. వీటిపై అచ్చయిన పుస్తకం దొరకకపోతే పత్రికల కత్తిరింపులు, సంఘాల నివేదికలు ఒక అట్టలో కుట్టి ఉంచవచ్చును. అది కూడా గ్రంథ సేకరణే. ఖర్చు దారపుండ మాత్రమే!

ఇక బీరువాల తాళాల సంగతి. పోయిన పుస్తకానికి గ్రంథపాలకుని బాధ్యుని చేసే పద్ధతి ఉన్నంతకాలం ఆయన తాళం తీయడు. ఆయనను తప్పుపట్టి లాభం లేదు. ఏటా కొన్ని పుస్తకాలు పోతాయని కమిటీవారు ముందుగానే అంగీకరించి, ఆ నష్టాన్ని లెక్కలో చూపవలెను. అప్పుడే అరలు తెరచి, అట్టలు కనబడేటట్లు పుస్తకాలను పేర్చగలము. చేతిలో సెల్‌ఫోనున్న ఈనాటి పిల్లవాడు గాజుతలుపు వెనుక వెన్నులు చూచి ఎన్నుకొనడు.

కొనుగోలు సొమ్ములో ఐదవ వంతును విద్యార్థుల ఎంపికకు విడువవలెనని కమిటీవారిని కోరుతున్నాము. వారు కోరినదాన్ని తిరస్కరించితే కారణం వ్రాసి గోడకు అంటించవలెను. విద్యార్థులకు మా మనవి చిన్నది: గ్రంథాలయంలో ఒక సూచనల పుస్తకం పెట్టించి, ఒక్కొక్కరు మూడేసి పేర్లు వ్రాయండి. ఉర్దూ పుస్తకం పేరు ఉర్దూ లిపిలో రాకపోతే తెలుగు అక్షరాలలో వ్రాసినా చాలును.