రాకెట్టుకు రెక్కలెందుకు?



న్యూటన్ మూడవ గమన నియమం చెప్పమంటే మనలో ఎవరైనా తడుముకోకుండా చెబుతారు. ఉదాహరణ అడిగితే రాకెట్టు అంటారు. మేమిద్దరమూ ఇదే హాస్టల్లో, వరండా లైటు కింద, అలాగే వల్లెవేశాము. రెండు మార్కులకు రెండు మార్కులూ తెచ్చుకున్నాము.

ఎం.ఎస్సీ. ఫిజిక్సు మొదటి సంవత్సరం వైవాలో మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "రాకెట్టు తోకకు రెక్కలెందుకు?" సమీకరణాలు వచ్చిన మాకు ఈ చిన్న ప్రశ్నకు నోరు పెగల్లేదు. మా ఇద్దరి ఇళ్ళలోనూ డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. ఇంత చదివీ ఇది తెలియదా అని ఆ రోజు సిగ్గుతో తల దించుకొని బయటకు వచ్చాము. దానికి జవాబు మాకు ఒక అట్టపెట్టెలో దొరికింది. ఆ పాఠమే ఈ వ్యాసం.

కిట్టులో ఏముంది?

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన హాస్టల్ పూర్వ విద్యార్థి అన్న ఒకరు సంక్రాంతికి వస్తూ మోడల్ రాకెట్ కిట్టు తెచ్చి ఇచ్చారు. ఇటువంటి రాకెట్టును 1954లో తయారు చేసిన ఓర్విల్ కార్లైల్ శాస్త్రవేత్త కాదు. నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపేవారు. బాణసంచా అంటే ఆయనకు ఇష్టం.

పెట్టెలో అట్ట గొట్టం, ప్లాస్టిక్ ముక్కు, తేలికైన బాల్సా చెక్క రెక్కలు, పారాచూట్, రబ్బరు తాడు ఉన్నాయి. మోటారు లేదు. అందులో తుపాకి మందు ఉంటుంది కనుక విమాన ప్రయాణికుల సామానులో తేనివ్వరు.

మోటారు మీద సి6-5 వంటి గుర్తు ఉంటుంది. సి అంటే మొత్తం ప్రచోదనం 10 న్యూటన్ సెకండ్ల లోపు. బి అయితే అందులో సగం. 6 అంటే సగటు తోపుడు బలం 6 న్యూటన్లు. 5 అంటే మందు కాలిపోయిన 5 సెకండ్లకు పారాచూట్ బయటకు వస్తుంది. దీన్ని అగ్గిపుల్లతో ముట్టించరు. కనీసం 15 అడుగుల దూరం నుంచి, బ్యాటరీ మీటతో వెలిగిస్తారు.

రెక్కలు అతికించుట

గొట్టం చుట్టూ కాగితం పట్టీ చుట్టి, దాన్ని మూడు సమభాగాలు చేసి గుర్తులు పెట్టాము. చెక్క పోగు రెక్క ముందు అంచుకు సమాంతరంగా ఉండాలి. లేకుంటే రెక్క సులభంగా విరుగుతుంది. తొందరపడి జిగురు ఆరకముందే కదిపితే ఒక రెక్క పక్కకు ఒరిగింది. దాన్ని ఊడదీసి మళ్ళీ అతికించాము.

దారం పరీక్ష

మోటారు బరువుకు బదులు సుమారు 25 గ్రాముల బంకమట్టి తోకలో పెట్టాము. రాకెట్టు సమంగా నిలిచే చోట దారం కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పాము. ముక్కు ముందుకు పెట్టి తిరిగింది! రెక్కలు తీసి తిప్పితే అడ్డదిడ్డంగా దొర్లింది.

కారణం ఇది. రాకెట్టు గురుత్వ కేంద్రం చుట్టూ తిరుగుతుంది. గాలి తోపు అంతా ఒక చోట పనిచేస్తున్నట్టు లెక్కవేస్తే ఆ చోటు పీడన కేంద్రం. రెక్కలు పీడన కేంద్రాన్ని తోక వైపుకు జరుపుతాయి. అప్పుడు ముక్కు పక్కకు ఒరిగినా, గాలి తోకను నెట్టి దారికి తెస్తుంది. బాణం చివర ఈకలు కట్టేది ఇందుకే. మా వైవా ప్రశ్నకు జవాబు ఇదే.

మన చేతిలో ఉన్న రాకెట్టు

మోటారు లేదని ఊరుకోలేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ తీసుకున్నాము. గ్యాసు పీడనాన్ని తట్టుకొనేలా చేసిన బాటిల్ అదే, మంచినీళ్ళ బాటిల్ వాడరాదు. మూడో వంతు నీళ్ళు పోసి, రబ్బరు బిరడాలో ఫుట్‌బాల్ గాలి సూది దూర్చి బిగించాము. ఇటుకల మధ్య తలకిందులుగా నిలిపి, పొడవాటి గొట్టం కలిపిన సైకిల్ పంపుతో గాలి కొట్టాము.

మొదటిసారి వరండా కప్పు దాటగానే పల్టీలు కొట్టి పడింది. పిల్లలంతా నవ్వారు. దారం పరీక్ష గుర్తుకొచ్చింది. అట్ట రెక్కలు అతికించి, పైకి ఉండే వైపు కాగితపు టోపీలో గుప్పెడు బంకమట్టి పెట్టాము. దాంతో గురుత్వ కేంద్రం ముందుకు జరిగింది. రెండోసారి నిట్టనిలువుగా లేచి వేపచెట్టు చిటారుకొమ్మ దాటింది. మేమిద్దరం తడిసిపోయాము.

జాగ్రత్తలు: పెద్దవారు దగ్గరుండాలి. బాటిల్ మీదికి ముఖం వంచరాదు. బిరడా ఊడకపోతే దగ్గరకు వెళ్ళక, పంపు వైపు నుంచే గాలి వదలాలి. ముక్కుకు ఇనుము, రాయి పెట్టరాదు.

ముగింపు

1920లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, గాలి లేని చోట రాకెట్టు పనిచేయదని రాసి శాస్త్రవేత్త గొడార్డ్‌ను ఎగతాళి చేసింది. రాకెట్టు నెట్టేది తన నుంచి వెలువడే వాయువును గాని, బయటి గాలిని కాదు. ఆ తప్పును పత్రిక 1969లో, అపోలో 11 చంద్రుని వైపు బయలుదేరిన మరునాడు దిద్దుకొంది. అంత పెద్ద పత్రికే పొరపాటు పడినప్పుడు, తెలియదని చెప్పడానికి మనకు సిగ్గెందుకు?

1963 నవంబరు 21న తుంబా నుంచి మన దేశం ఎగరేసిన మొదటి రాకెట్టు కూడా అమెరికా నుంచి తెచ్చిన నైకీ అపాచీయే. 1967లో మనం సొంతంగా తయారు చేసిన రోహిణి 75 ఎగిరింది. తెచ్చినదాన్ని విప్పి చూసి నేర్చుకోవడం తక్కువతనం కాదు.

బాటిల్ ఎగిరిన రోజు ఏడవ తరగతి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, నీళ్ళన్నీ అయిపోయాక కూడా పైకెందుకు పోయింది?" జవాబు మేము చెప్పలేదు. కిట్టును హాస్టల్ లైబ్రరీకే ఇచ్చాము. మీరే విప్పి, చేసి చూసి, ఆ తమ్ముడికి చెప్పండి.