బొమ్మకు పీట

ఉద్దానంలో ఒక ఊరు. చుట్టూ కొబ్బరి తోటలు, జీడి తోటలు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. కొలువులో ఒక కొండపల్లి బొమ్మ ఉంది. నెత్తిన కుండ ఎత్తుకున్న ఆడమనిషి బొమ్మ. అత్తకు దాన్ని వాళ్ళమ్మ ఇచ్చింది.

క్రితం పండక్కి పిల్లి తగిలి బొమ్మ పడింది. చెయ్యి ఊడిపోయింది.

“ఓలమ్మా! మాయమ్మ ఇచ్చిన గురుతు!” అని అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కోడలు చేతిని జిగురుతో అతికించింది. బొమ్మను తిప్పి చూసింది.

“అత్తా! తప్పు పిల్లిది కాదు. దీనికి పైన బరువు, అడుగు సన్నం. ఏటి తగిలినా పడిపోద్ది. పీట సెయ్యాల.”

“పీట అతికించేస్తే పెట్టెలో పట్టదు కదే!”

“అతికించొద్దు. పెట్టుకునేలా, తీసేలా సేద్దాం.”

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానంలో ఎన్నో చెట్లు కూలాయి. నిలిచిన చెట్ల కాయల చిప్పలు పెరట్లో ఉన్నాయి. కోడలు వాటినే తెచ్చింది.

పీట చేసే విధానం

1. కళ్ళున్న వైపు చిప్ప తీసుకోవాలి. పీచు గీకాలి. అంచును గరుకు రాతి మీద రుద్ది సమం చెయ్యాలి.

2. మూడు కళ్ళలో ఒకటి మెత్తగా ఉంటుంది. మేకుతో పొడిస్తే రంధ్రం పడుతుంది.

3. పెన్సిల్లో సగం లావు వెదురు పుల్ల తీసుకోవాలి. నూనె రాసి, బయటి నుంచి రంధ్రంలో గుచ్చాలి. లోపలికి ఒక అంగుళం పోవాలి. నిటారుగా ఉండాలి.

4. చిప్పను ఖాళీ డబ్బా మూతి మీద వెల్లకిలా పెట్టాలి. 1 గరిటె సిమెంటు, 3 గరిటెల ఇసుక తడిపి నింపాలి. సముద్రపు ఇసుక వద్దు. ఉప్పు పూస్తుంది.

5. గట్టిపడేలోగా పుల్లను రెండు మూడు సార్లు తిప్పాలి. మర్నాడు లాగెయ్యాలి. మూడు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచాలి. తర్వాత బోర్లిస్తే పీట తయారు.

6. బొమ్మ అడుగున వడ్రంగి చేత బరమాతో అంతే లావు రంధ్రం పెట్టించాలి. పుల్ల ముక్కకు జిగురు రాసి గుచ్చాలి. బయట అంగుళం కన్నా కాస్త తక్కువ ఉంచాలి. రాత్రంతా ఆరనివ్వాలి. పీట రంధ్రంలో మాత్రం జిగురు పెట్టకూడదు.

పుల్ల వదులైతే దారం చుట్టాలి. బిగుతైతే గరుకు కాగితంతో రుద్దాలి. అన్ని పుల్లలూ ఒకే లావుంటే ఏ బొమ్మైనా ఏ పీటకైనా సరిపోతుంది.

జాగ్రత్త! సిమెంటు చేతుల్ని తినేస్తుంది. ప్లాస్టిక్ సంచి తొడుక్కోవాలి. మట్టి బొమ్మకు రంధ్రం పెట్టొద్దు. పగిలిపోతుంది.

పరాయి దేశాల్లో చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధం ఆట ఆడతారు. వాళ్ళు కూడా బొమ్మ కాలికి సన్నటి తీగ గుచ్చి పీట మీద నిలబెడతారు. దేశం ఏదైనా కిటుకు ఒకటే. అడుగు వెడల్పు, అడుగున బరువు.

మళ్ళీ సంక్రాంతి వచ్చింది. పిల్లి మళ్ళీ తగిలింది. బొమ్మ కదిలింది. పడలేదు.

పండగయ్యాక కోడలు బొమ్మను పైకి లాగింది. పాత చీర ముక్కలో చుట్టింది. పీటను వేరే పెట్టెలో పెట్టింది.

“నా తరవాత ఈ బొమ్మ నీదే” అంది అత్త.

చెప్పండి

1. బొమ్మ ఎందుకు పడింది?
2. పీట రంధ్రంలో జిగురు ఎందుకు పెట్టకూడదు?
3. 6 పీటలకు ఎన్ని గరిటెల సిమెంటు, ఎన్ని గరిటెల ఇసుక కావాలి?

రాయండి

కొబ్బరి చిప్ప, వెదురు పుల్ల, రంధ్రం, సిమెంటు, సంక్రాంతి