నోటి బిగువు

మనుష్యుని దేహమునకు గాయమును తానే మాన్చుకొను శక్తి కలదు. కొడవలి తగిలి వ్రేలు తెగినచో రక్తము గడ్డకట్టును. కొన్ని దినములకు చర్మము కలిసికొని సన్నని మచ్చ మిగులును. మేలు చేయు ఈ శక్తియే అదుపు తప్పినచో కీడు చేయును. నోటిలో కలుగు ఒక వ్యాధి ఇందుకు నిదర్శనము.

మహబూబాబాదు ప్రాంతము మిరపపంటకు పేరొందినది. అచ్చటివారికి కారము క్రొత్త గాదు. అట్టి యింట పెరిగిన పిల్లవాడు తొక్కు కలిపిన అన్నము నోట పెట్టగానే మంట యని ముద్దను వదలివేసినచో, పెద్దలు దానిని గారాబమని తలంపరాదు. ఆ మంట ఈ వ్యాధికి తొలి గుర్తు కావచ్చును. తరువాత చెంప లోపలి పొర ఎఱ్ఱదనమును కోల్పోయి పాలరాయివలె తెల్లబారును. దాని క్రింద నారపట్టీలు ఏర్పడి చెంపలు బిగిసిపోవును. ఆరోగ్యవంతుడు తన మూడు వ్రేళ్ళను నిలువుగా పేర్చి పండ్లనడుమ ఉంచుకొనగలడు. వ్యాధి ముదిరినవానికి ఒక్క వ్రేలు పట్టుటయే కష్టము. అతడు ఈల వేయలేడు, నాలుక చాపలేడు.

1952లో ష్వార్ట్జ్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలోని ఐదుగురు భారతీయ స్త్రీలలో ఈ రోగమును గుర్తించి వర్ణించెను. మరుసటి సంవత్సరము బొంబాయి వైద్యుడు జోషి దీనిని 'సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్' అనెను. లోపలి పొర క్రింద నార కట్టుట అని దాని భావము. దీనికి ముఖ్యకారణము వక్క యని తరువాతి పరిశోధనలు తేల్చినవి.

గాయమైన చోట కొన్ని కణములు 'వృద్ధి కారకములు' అను మాంసకృత్తులను విడుదల చేయును. వీనిలో 'టి.జి.ఎఫ్. బీటా' ముఖ్యమైనది. కూలిన గోడకు మేస్త్రీలను పిలిచినట్లు, ఇది నారకణములను పిలిచి కొల్లాజెన్ అను త్రాళ్ళను అల్లించును. పని ముగియగానే పిలుపు ఆగును. మిగులు త్రాళ్ళను ఎంజైములు కరగించును.

వక్క నమలువాని నోటిలో ఈ క్రమము చెడును. వక్కలోని అరెకోలిన్ అను రసాయనమును, గరుకు పీచును లోపలి పొరను దినదినము గాయపరచును. అందుచే పిలుపు ఆగదు. త్రాళ్ళు పెరుగుచుండును, కరగించు పని తగ్గును. వక్కలోని రాగి, త్రాళ్ళను ముడివేయు ఎంజైమునకు బలమిచ్చును. మేస్త్రీలు పని ఆపక గోడపై గోడ కట్టిన ఇంటివలె నోరు ఇరుకైపోవును. రక్తనాళములు తగ్గి పై పొర పలుచబడును.

అంతటితో ముగియదు. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో ఈ వ్యాధిగల 66 మందిని 17 సంవత్సరముల కాలమున గమనింపగా, ఐదుగురికి నోటి క్యాన్సరు వచ్చినది. ఈ సంగతి 1985లో వెలువడెను. పొగాకు కలియకున్నను వక్క క్యాన్సరు కారకమే యని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించెను.

పూర్వము పెండ్లిభోజనము పిదప తాంబూలము వేసికొనుట ఆచారము. ఇప్పుడు ఎండిన వక్క గుట్కాగా, పాన్ మసాలాగా చిన్న పొట్లములలో చేతికందుచున్నది. వీనివలన తాంబూలమునకంటె త్వరగా ఈ వ్యాధి కలుగుచున్నదని వైద్యులు గుర్తించిరి. భూపాలపల్లి భూగర్భ బొగ్గుగనులలో పొగత్రాగుట నిషిద్ధము. పొగకు మారుగా నమలుట మేలని తలంచువారు కలరు, అది భ్రాంతి.

అలవాటు మానినచో వ్యాధి ముదురుట చాలవరకు ఆగును. కాని ఏర్పడిన నార పూర్తిగా తొలగదు. సూదిమందులు, నోరు తెరచు వ్యాయామములు, శస్త్రచికిత్స కొంత ఉపశమనము నిచ్చును. మానినవారును తరచు నోటిని పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ వైద్యకళాశాలలు 2022లో మహబూబాబాదునను, 2023లో జనగామ, భూపాలపల్లిలలోను వెలసినవి. జిల్లాకేంద్రముననే వైద్యుని సలహా లభించును. మంట తోచినప్పుడు సిగ్గుపడక చెప్పుకొన్న బాలుడు తన నోటిని కాపాడుకొనును. స్నేహితుడు చేతిలో పెట్టిన మొదటి పొట్లమును కాదన్న బాలునికి ఆ మంటయే రాదు.